పద్నాలుగా, నలభై ఒకటా?

మా చిన్నదానికి ఐదేళ్ళు దాటాయి. ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. ఇంటికి ఎవరొచ్చినా మేమూ మురిపెంగా అదే చెప్పించేవాళ్ళం. ఆమధ్య స్కూల్లో డిక్టేషన్ పెడితే "ఫోర్టీన్" అన్నచోట 41 అని రాసుకొచ్చింది. పక్కన ఎర్ర పెన్నుతో ఇంటూ, కింద "పదిసార్లు రాయి" అని. పదిసార్లూ రాసింది. మర్నాడు "సిక్స్‌టీన్"ని 61 చేసింది.

ఎందుకిలా రాస్తోందని నాకు టెన్షన్ పట్టుకుంది. రాత్రి నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఆ మాట నేనే నాలుగైదుసార్లు పైకి అనుకుంటే అప్పుడు తట్టింది. "ఫోర్టీన్"లో ముందు చెవిన పడేది నాలుగే. పిల్ల విన్నది విన్న వరుసలో రాసింది. పొద్దున్నే పక్కన కూర్చోబెట్టుకుని, "పద్నాలుగు రాయమ్మా" అని తెలుగులో అడిగాను. "పది... నాలుగు..." అని గొణుక్కుంటూ 104 అని రాసింది.

అదీ తప్పే. కానీ 41 కన్నా ఎంతో మెరుగైన తప్పు. మొదటి దాంట్లో చెవి మాత్రమే పనిచేసింది. రెండో దాంట్లో పద్నాలుగు లోపల ఒక పదీ, ఒక నాలుగూ ఉన్నాయని దానికి తెలిసింది. వాటిని కలిపి రాసే పద్ధతి ఒక్కటే తెలియలేదు. పిల్లలకు లెక్కలూ సైన్సూ చేయించి నేర్పాలని ఇప్పుడు చెన్నైలో ప్రతి స్కూలూ అంటోంది. ఓఎంఆర్ రోడ్డు పొడుగునా యాక్టివిటీ సెంటర్లు, నెలనెలా ఇంటికొచ్చే సైన్స్ కిట్లు. మంచిదే. అయితే చేతికి వస్తువు అందగానే బుర్రకి విషయం అందుతుందా? నాకు అర్థమైనంతలో, అందదు. వస్తువు ముట్టుకోక ముందు పిల్లలు తమ ఊహ చెప్పాలి, ముట్టుకున్నాక చూసిన దాని గురించి మాట్లాడాలి. ఈ రెండిటి మధ్య ఉన్నప్పుడే చేతిపని చదువవుతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

చిన్నపిల్లలకు "ఒకటి, రెండు, మూడు" మొదట్లో ఒక పాట. లాలిపాటలో మాటలు ఏ వరుసలో వస్తాయో ఇవీ అలాగే వస్తాయి. మూడేళ్ళ పిల్లవాడి ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి, "నాన్నా, నాలుగు ఇవ్వు" అనండి. పది దాకా చక్కగా చెప్పేవాడు కూడా చాలాసార్లు చేతికొచ్చినన్ని తీసి ఇచ్చేస్తాడు. 1990 ప్రాంతంలో కరెన్ విన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఇలాంటి పరీక్షే పెట్టి చూశారు. పిల్లలకు ముందు "ఒకటి" అర్థమవుతుంది. కొన్ని నెలలకు "రెండు". మరికొన్ని నెలలకు "మూడు". ఆ తర్వాత, మూడున్నర నాలుగేళ్ళ వయసులో, లెక్కపెట్టినప్పుడు ఆఖరున అన్న మాటే మొత్తం ఎన్నో చెబుతుందని తెలుస్తుంది. ఇక అక్కణ్ణుంచి ఐదడిగినా ఏడడిగినా ఇవ్వగలరు.

ఆఖరి మాటే మొత్తం అన్నది మనకి ఎంత అలవాటైపోయిందంటే, అదొక నేర్చుకోవలసిన సంగతని కూడా తోచదు. పిల్లలు దాన్ని కనుక్కోవాలి. ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె చెప్పాలన్నదీ, ఏ చివర నుంచి లెక్కపెట్టినా మొత్తం మారదన్నదీ అంతే. 1978లో రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే పరిశోధకులు ఈ సూత్రాలను విడదీసి చూపించారు. స్విస్ మనస్తత్వవేత్త పియాజే అంతకు చాలా ముందే ఇంకో విచిత్రం చూపించారు. ఆరేసి బిళ్ళల వరుసలు రెండు ఎదురెదురుగా పేర్చి, పిల్లవాడి కళ్ళెదుటే ఒక వరుసను ఎడంగా జరపండి. ఐదేళ్ళవాడు చాలాసార్లు "ఇందులోనే ఎక్కువున్నాయి" అంటాడు. వాడికి ఇంకా కంటి మాటే చెల్లుతోంది. కోప్పడి లాభం లేదు. బిళ్ళల్ని మళ్ళీ దగ్గరికి చేర్చి, వాడి చేతే లెక్కపెట్టించి, "మరి ఎక్కువైనవి ఎక్కడికెళ్ళాయి?" అని అడిగి ఊరుకోండి. జవాబు ఆ రోజే రానక్కర్లేదు.

ఇప్పుడు భాష సంగతి. మా అమ్మాయి చెవిలో మూడు లెక్కలు నడుస్తాయి. స్కూల్లో ఇంగ్లీషు, పక్కింటి పాటితో (తమిళ బామ్మ) తమిళం, ఇంట్లో తెలుగు. చెన్నైలో చాలా తెలుగిళ్ళలో ఇంతే. మూడూ ఒకేలా ఉండవు. ఇంగ్లీషులో పదకొండు, పన్నెండుల పేర్లలో పది కనిపించదు. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా ఒకట్ల అంకె ముందు, పది తర్వాత. "థర్టీన్", "థర్టీ" చెవికి కవలపిల్లలు. తెలుగులో పదకొండు మొదలు పంతొమ్మిది దాకా పదే ముందుంటుంది. ఇరవై దాటాక మరీ తేట: ఇరవై ఒకటి, ముప్పై రెండు, నలభై మూడు. తమిళమూ మనలాగే సాగుతుంది కానీ తొంభై దగ్గర చిన్న మెలిక ఉంది. దాన్ని "తొణ్ణూరు" అంటారు, అందులో నూరు దూరి కూర్చుంది. తొమ్మిది వందలు "తొళ్ళాయిరం", అందులో వెయ్యిని చెప్పే "ఆయిరం". పాటి దగ్గర ఈ మాట ఎత్తితే, ఇన్నేళ్ళలో తానూ గమనించలేదని ఆశ్చర్యపోయారు.

1980ల చివర్లో ఐరీన్ మియురా అనే పరిశోధకురాలు ఒకటో తరగతి పిల్లలకు పదుల దిమ్మెలు, ఒకట్ల దిమ్మెలు ఇచ్చి సంఖ్యలను చూపించమన్నారు. నలభై రెండు లాంటి సంఖ్యకి జపనీస్, చైనీస్, కొరియన్ మాట్లాడే పిల్లలు ఎక్కువగా పదుల దిమ్మెలు వాడారు. అమెరికా పిల్లలు ఎక్కువగా విడి దిమ్మెలే ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ పోయారు. ఆ తూర్పు భాషల్లో పదకొండుని "పది ఒకటి" అనే అంటారు. అంతా భాష మహిమే అనలేం, అక్కడి ఇళ్ళూ బళ్ళూ కూడా వేరు. అయినా మా ఇంట్లో దాన్నిబట్టి ఒక నిర్ణయం తీసుకున్నాం: లెక్క మాటలు తెలుగులోనే. లిఫ్ట్ మానేసి మెట్లెక్కుతున్నప్పుడు "ఇరవై ఒకటి, ఇరవై రెండు" అనుకుంటూ ఎక్కుతాం. ఇంగ్లీషు ఎలాగూ స్కూల్లో వస్తుంది. పది ఎక్కడుందో చెవికి తెలియడం ఇంట్లోనే జరగాలి.

ఇక 104 మిగిలింది. దానికి దారి చూపిన మనిషి ఒకప్పుడు మన అడయారులోనే ఉన్నారు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో, 69 ఏళ్ళ వయసులో, అరండేల్, రుక్మిణీదేవి దంపతుల పిలుపు మీద థియోసాఫికల్ సొసైటీకి వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. ఇటలీవాళ్ళు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం ఆవిడ కొడుకు మారియోని నిర్బంధించింది, ఆవిడ కదలికల మీదా ఆంక్షలు పెట్టింది. ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకి కొడుకుని తిరిగి పంపించారు. యుద్ధం ముగిసేదాకా ఇద్దరూ ఇండియాలోనే ఉండిపోయారు.

ఆవిడ పూసల గురించి చెప్పాలి. విడి పూస ఒకటి. పది పూసలు తీగకు గుచ్చితే పదుల కడ్డీ. పది కడ్డీలు పక్కపక్కన చేర్చి బిగిస్తే వందల పలక. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తున వెయ్యి పూసల దిమ్మ. నాలుగేళ్ళ పిల్ల ఒకటిని రెండు వేళ్ళతో పట్టుకుంటుంది, వెయ్యిని రెండు చేతులా ఎత్తుతుంది. వెయ్యి ఎంత పెద్దదో బరువే చెబుతుంది. వీటికి తోడు అంకెల అట్టలుంటాయి. కిటుకు వాటిలో ఉంది.

మేం పూసలు కొనలేదు. చీపురుపుల్లలు సమానంగా విరిచి, పదేసి చొప్పున రబ్బర్ బ్యాండ్ వేశాం. పాత శుభలేఖలు కత్తిరించి, పొడుగు ముక్క మీద 10, అందులో సగం ఉన్న ముక్క మీద 4 రాశాం. నేల మీద ఒక కట్ట, నాలుగు విడి పుల్లలు పెట్టి, ఏ అట్ట దేని కిందికొస్తుందో పెట్టమన్నాను. సరిగ్గానే పెట్టింది. "ఇప్పుడు రెండూ కలిపేద్దాం" అని 4 అట్టని 10 మీదికి కుడివైపు జరిపాను. సున్నా మీద నాలుగు కూర్చుంది. 14. పిల్ల ఆ నాలుగుని వేలితో ఎత్తి కిందికి తొంగిచూసింది. మూసింది. మళ్ళీ ఎత్తింది. "అమ్మా, సున్నా ఇక్కడే ఉంది, దాక్కుంది" అంది. ఆ తర్వాత 104 రాలేదు. ఇంగ్లీషులో అడిగితే 41 ఇంకో రెండుసార్లు వచ్చింది. "పుల్లలు పెట్టి చూడు" అంటే తనే దిద్దుకుంది.

చీపురుపుల్లలే ఇంత పని చేస్తే, రంగురంగుల బొమ్మలు ఇంకా బాగా చేస్తాయనిపిస్తుంది. ఒక్కోసారి అది తిరగబడుతుంది. జూడీ డిలోచ్ అనే పరిశోధకురాలు 1987లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఒక గది, అచ్చం ఆ గదిలాగే సామాన్లన్నీ అమర్చిన చిన్న బొమ్మ గది. పిల్లవాడు చూస్తుండగా బొమ్మ గదిలో ఒక చిన్న బొమ్మని దాచి, "పెద్ద గదిలో పెద్ద బొమ్మ కూడా ఇదే చోట ఉంది, వెతుకు" అంటారు. మూడేళ్ళవాళ్ళు నేరుగా వెళ్ళి తీస్తారు. రెండున్నరేళ్ళవాళ్ళకు చిన్న గదిలో ఎక్కడ దాచారో గుర్తుంటుంది, కానీ ఆ చిన్న గది పెద్ద గదికి గుర్తు అన్న సంగతి అందదు. తర్వాత తేలింది ఇంకా ముఖ్యం. బొమ్మ గదిని కిటికీ అద్దం వెనక పెట్టి ముట్టుకోనివ్వకపోతే చిన్నవాళ్ళు మెరుగ్గా చేశారు. ముందు కాసేపు దాంతో ఆడుకోనిస్తే మూడేళ్ళవాళ్ళు వెనకబడ్డారు. ఆడుకున్నకొద్దీ అది వాళ్ళకు ఉత్త బొమ్మ అయిపోయింది, ఇంకో గదిని చూపించడం మానేసింది.

అందుకే నవ్వే ఏనుగులతో, చక్రాలు తిరిగే కార్లతో కూడికలు నేర్పే కిట్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పిల్ల ఏనుగుతో ఆడుకుంటుంది, ఏడు అనే లెక్క పక్కకి పోతుంది. చింతపిక్కకీ చీపురుపుల్లకీ తమదంటూ కథ లేదు. లెక్కకి అదే మేలు.

సైన్స్‌లో పరిస్థితి ఇంకొంచెం వేరు. అక్కడ వస్తువే కథ. పిల్లల కుతూహలం ఎప్పుడు లేస్తుందో లారా షుల్జ్, ఎలిజబెత్ బోనవిట్జ్ అనే పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగం చక్కగా చూపిస్తుంది. రెండు మీటలున్న ఒక పెట్టె. నొక్కితే లోపలి నుంచి బొమ్మలు లేస్తాయి. కొందరు పిల్లల ముందు మీటలు ఒక్కొక్కటిగా నొక్కి, ఏది ఏ బొమ్మని లేపుతుందో తెలిసేలా చేశారు. మరికొందరి ముందు రెండూ ఒకేసారి నొక్కారు. రెండు బొమ్మలూ లేచాయి, ఏది దేనివల్లో తెలియదు. తర్వాత ఆ పాత పెట్టెతో పాటు కొత్త పెట్టె ఒకటి ఇస్తే, సంగతి తెలిసినవాళ్ళు కొత్తదాని వైపు పోయారు. తెలియనివాళ్ళు పాతదాన్నే పట్టుకున్నారు. కొత్త వస్తువు కన్నా తేలని సంగతి వాళ్ళను ఎక్కువ లాగింది.

2011లో బోనవిట్జ్, షుల్జ్ మరికొందరితో కలిసి ఇంకోటి చూపించారు. ఒకే బొమ్మలో నాలుగు తమాషాలు పెట్టారు. వాటిలో ఒకదాన్ని పెద్దవాళ్ళు "ఇది ఇలా పనిచేస్తుంది, చూడు" అని చూపించినప్పుడు పిల్లలు ఎక్కువగా ఆ ఒక్కటే చేసి, మిగతావి వెతకడం తగ్గించారు. టీచరమ్మ చూపించాల్సినదంతా చూపించేసింది కదా, ఇంకేముంటుందిలే అనుకోవడం సహజమే. అలాగని పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే సరిపోదు. మనం తీసుకోవలసింది వరుస: ముందు అడగడం, తర్వాత చేయనివ్వడం, చెప్పడం అన్నిటికన్నా చివర.

మా ఇంట్లో ఇది కొబ్బరినూనె దగ్గర మొదలైంది. డిసెంబర్ సెలవులకు హైదరాబాద్‌లో అమ్మమ్మ దగ్గరికి వెళ్తే, అక్కడ డబ్బాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. అమ్మమ్మ ఎండలో పెట్టి కరిగించి తలకి రాశారు. చెన్నైకి వచ్చాక పిల్ల మా డబ్బా ఊపి చూసి, "మన నూనె ఎందుకు గట్టిపడలేదు?" అని అడిగింది. "ఇక్కడ వేడి కదా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, "నీకేమనిపిస్తోంది?" అన్నాను. "అమ్మమ్మ నూనె వేరే కంపెనీ" అంది. మంచి ఊహ, పరీక్షించడానికి వీలైన ఊహ.

రెండు స్టీలు గిన్నెలు తీసుకున్నాం. ఒకదాంట్లో మా కొబ్బరినూనె, ఇంకోదాంట్లో నువ్వులనూనె. రెండూ ఫ్రిజ్‌లో పెట్టేముందు ఏది గట్టిపడుతుందో చెప్పమన్నాను. "రెండూ. ఫ్రిజ్‌లో పెడితే అన్నీ ఐస్ అవుతాయి." ఆ మాటకి గుర్తుగా పలక మీద రెండు గిన్నెలు గీసి, రెండిటికీ టిక్కు పెట్టింది. గంటన్నర తర్వాత తీస్తే కొబ్బరినూనె అంచుల దగ్గర తెల్లబడి మధ్యలో ఇంకా కదులుతోంది. నువ్వులనూనె నీళ్ళలా ఉంది. రెండో టిక్కు తనే చెరిపింది. తెల్లటి ముద్ద అరచేతిలో పెడితే కాసేపటికి జారిపోయింది. అప్పుడు చెప్పాను: కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గట్టిపడుతుంది, చెన్నైలో ఇంటి లోపల అంత చల్లబడడం అరుదు, హైదరాబాద్ చలికాలం రాత్రుల్లో మామూలే. నువ్వులనూనె గట్టిపడాలంటే సున్నా డిగ్రీల కన్నా కిందికి పోవాలి. డిగ్రీలు దానికి అర్థమయ్యాయని నేను అనుకోను. ఒక్కో నూనె ఒక్కో చల్లదనం దగ్గర గట్టిపడుతుందన్నది మాత్రం అర్థమైంది, ఎందుకంటే మర్నాడు నెయ్యి గిన్నె తెచ్చి "దీనికెంత?" అంది.

అన్నిటికీ ఇంత తీరిక దొరకదు. ఉద్యోగాలు చేసుకునే ఇళ్ళలో సాయంత్రం మిగిలేది గంటే. బకెట్‌లో పీచు తీయని కొబ్బరికాయ, రూపాయి బిళ్ళ వేయడానికి రెండు నిమిషాలు చాలు. "బరువైనవి మునుగుతాయి" అని నమ్మే పిల్లలకు కొబ్బరికాయ తేలి, బిళ్ళ మునిగితే ఆ వారమంతా మాటలే. మధ్యాహ్నం నీడ ఇంకోటి. చెన్నైలో ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో, 12 దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేడ మీద నిటారుగా నిలబెట్టిన గ్లాసుకి అప్పుడు పక్కన నీడ ఉండదు. ఆ రెండు రోజుల మధ్య నెలల్లో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా కాలమంతా ఉత్తరానికి. ఆదివారం ఆదివారం అదే వేళకి సుద్దముక్కతో గీత గీస్తే చాలు.

ఇదంతా డబ్బున్న ఇళ్ళ ముచ్చట అనుకుంటే పొరపాటు. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 స్కూళ్ళలో యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్ మొదలుపెట్టింది. దాని మూలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ స్కూలు. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం తయారుచేసిన కార్డులు, నిచ్చెనల పద్ధతిని చూసొచ్చి, చెన్నైకి తగ్గట్టు మలుచుకున్నారు. పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చునేవారు. గోడ అడుగున వాళ్ళ ఎత్తుకే నల్లబల్ల ఉండేది. ఏ మెట్టు మీదున్నారో చూసుకుని తమ కార్డు తామే తీసుకునేవారు. 2007 నాటికి దీన్ని రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రాథమిక బడులకు విస్తరించారు. మార్పు పెద్దది. టీచరు బల్ల దగ్గర్నుంచి పిల్లల మధ్యకి దిగారు. అయితే కార్డు కూడా చివరికి కాగితమే. దాని మీదున్నది పూర్తిచేసి పక్కన పడేస్తే అదీ పాఠ్యపుస్తకంలో ఒక పేజీ అవుతుంది. కార్డు చేస్తున్న పిల్ల పక్కన కూర్చుని "ఎలా వచ్చింది ఈ జవాబు?" అని అడిగే మనిషి కావాలి. ఆ మనిషికి ముప్పై నలభై మంది పిల్లల్ని అప్పగిస్తే ఎంతమందిని అడగగలరు? కిట్లకు పెట్టే డబ్బుకన్నా ముందు టీచర్ల సంఖ్య గురించి మాట్లాడాలని నేను గట్టిగా అనుకుంటాను.

మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, మా వీధంతా ముగ్గులే. పక్కింటి పాటి కింద వాకిట్లో చుక్కలు పెడుతుంటే మా అమ్మాయి దగ్గర చేరింది. సరిచుక్క వేస్తే మూడు వరుసలు, వరుసకి మూడు. సందుచుక్క వేస్తే మధ్యలో మూడు, పైనా కిందా రెండేసి, చివర్లలో ఒక్కోటి. "ఏ దాంట్లో చుక్కలెక్కువ?" అన్నాను. తడుముకోకుండా సందుచుక్కల ముగ్గు చూపించింది, చూడ్డానికి అది పెద్దది మరి. లెక్కపెడితే ఇక్కడ తొమ్మిది, అక్కడా తొమ్మిది. నాలుగు చుక్కలకి వేశారు పాటి. పదహారు, పదహారు. పిల్ల లేచి ముగ్గు చుట్టూ తిరిగింది. ఒక మూల దగ్గర ఆగి, తల పక్కకి వాల్చి, ఏటవాలుగా చూస్తూ వేలు జరిపింది. "ఇలా చూస్తే ఇదీ నాలుగు నాలుగు నాలుగు నాలుగు" అంది.

"ఐదుకి?" అన్నారు పాటి, తెలుగులోనే.

ఎన్నో చెప్పలేదు. ఐదు చుక్కల సందు ముగ్గు తనే పెట్టుకుంది, వంకరటింకరగా. లెక్కపెట్టడంలో రెండుసార్లు తప్పింది, ఒకసారి ఇరవై మూడు, ఒకసారి ఇరవై ఆరు. ఇంట్లోకి పరుగెత్తి డబ్బా పట్టుకొచ్చి, ఒక్కో చుక్క మీద ఒక్కో చింతపిక్క పెట్టుకుంటూ మూడోసారి మొదలుపెట్టింది.